రాత్రి పూటే రక్తం ఎందుకు తీశారు?

పెద్దాపురం, సామర్లకోట, కాకినాడ ప్రాంతాల్లో కాస్త పెద్ద వయసువాళ్లను కదిపితే ఫైలేరియా వాళ్ల సంగతి చెబుతారు. ఊరంతా అన్నాలు తిని మంచాలు వాల్చుకున్నాక వాళ్లు వచ్చేవారు. చేతిలో టార్చిలైటు, గాజు పలకల పెట్టె, సూది. పడుకున్నవాళ్లను లేపి, వేలి చివర గుచ్చి, రెండు మూడు చుక్కలు పలక మీద పూసి, పేరూ వయసూ రాసుకుని పక్కింటికి వెళ్లేవారు. పగలంతా పనిచేసి పడుకున్నవాళ్లను లేపడమెందుకు, పగలు రాకూడదా అని విసుక్కునేవాళ్లు. పగలు తీస్తే పురుగు దొరకదమ్మా అని వాళ్ల జవాబు.

పగలు దొరకని పురుగు రాత్రి ఎందుకు దొరుకుతుంది? ఈ చిన్న ప్రశ్నలోకి దిగితే, సైన్సు దేనికోసం, దానికీ తత్వశాస్త్రానికీ ఉన్న చుట్టరికం ఏమిటి అన్న పెద్ద ప్రశ్న దగ్గర తేలతాం. ఆ పెద్ద ప్రశ్నను గాలిలో చర్చించడం కన్నా, మన కాళ్లను పట్టి పీడించిన జబ్బు వెంట నడిచి చూడడం మేలని నా నమ్మకం.

ఫైలేరియా అనే ఈ బోదకాలు గోదావరి జిల్లాలకు కొత్త కాదు. ముందు చలితో జ్వరం వస్తుంది. గజ్జల్లో బిళ్ల కడుతుంది. కాలు ఎర్రబారి వాస్తుంది. నాలుగు రోజులకు తగ్గుతుంది, కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఇలా కొన్నేళ్లు గడిచాక వాపు తగ్గడం మానేస్తుంది. చర్మం మందమై, ముడతలు పడి, ఆ ముడతల్లో పుండ్లు పడతాయి. మగవాళ్లలో చాలామందికి ఇది కాలికి కాక వరిబీజంగా దిగుతుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. ప్రాణం తీసే జబ్బు కాకపోయినా, కూలి పనిని, పెళ్లి సంబంధాన్ని, నలుగురిలో కలిసే ధైర్యాన్ని తీసేస్తుంది.

దీని వెనక ఉన్నది వుకరేరియా బాంక్రాఫ్టి అనే దారం లాంటి పురుగు. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. శోషరస నాళాల్లో కాపురం పెట్టి అయిదారేళ్లు బతుకుతాయి. అక్కడి నుంచి లక్షల కొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఆ పిల్లలే మైక్రోఫైలేరియాలు. దోమ కుట్టి రక్తంతో పాటు వాటిని లాక్కుంటే, దోమ ఒంట్లో పది, పద్నాలుగు రోజులు పెరిగి, మరో మనిషికి సోకేందుకు సిద్ధమవుతాయి. ఇదంతా ఇప్పుడు బడి పుస్తకంలో నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి మనుషులు పడిన పాట్లలోనే నేను చెప్పదలచుకున్నది ఉంది.

సుశ్రుతుడు ఈ జబ్బును శ్లీపదం అన్నాడు. పాత నీళ్లు నిలిచి ఉండే ప్రాంతాల్లో, ఏ ఋతువులోనైనా చల్లగా ఉండే చోట్ల ఇది ఎక్కువగా పుడుతుందని రాశాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో అది ఎంత నిశితమైన చూపో తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. నీళ్లు నిలిచే చోటికీ బోదకాలికీ సంబంధం ఉన్న మాట నిజం. అదే చూపుతో జనం కూడా ఆ ఊరి నీళ్లు మంచివి కావన్నారు, అక్కడ పిల్లనివ్వొద్దన్నారు. చూసింది తప్పు కాదు. చూసినదాని నుంచి వేసిన అడుగు పక్కకు పడింది. నిలిచిన నీళ్లున్నాయి, జబ్బు ఉంది, కాబట్టి నీళ్లే జబ్బు అనుకున్నారు.

ఇలాంటి అడుగును ఎలా పరీక్షించాలో చెప్పిన శాస్త్రం మన దగ్గర లేకపోలేదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ దేశమంతటా సంస్కృత పాఠశాలల్లో తర్కం నేర్చుకునేవాళ్లకు మొదటి పుస్తకమైంది. తార్కికులు ఎప్పుడూ ఎత్తుకునే ఉదాహరణ వంటింటి పొగ. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లో చూశాం కాబట్టి కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందంటాం. బాగానే ఉంది. అదే మాటను తిప్పి, నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందనవచ్చా? కొలిమిలో ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడవ్వాలి. మన ఊహలోకి చెప్పకుండా దూరి, దాన్ని నిలబెడుతున్నట్టు కనిపించే ఆ మూడో సంగతిని వాళ్లు ఉపాధి అన్నారు. ఉపాధి బయటపడితే అనుమానం కూలిపోతుంది.

నిలిచిన నీళ్లకూ బోదకాలికీ మధ్య ఉన్న తడికట్టె దోమ. నీళ్లున్నా దోమ లేకపోతే జబ్బు లేదు. ఇంకాస్త తరిచి చూస్తే, అన్ని నీళ్లూ ఒకటి కావు. ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమకు పారే కాలవ కన్నా మురుగు ఇష్టం. ఊరి కాలువలు, మరుగుదొడ్ల గుంటలు, ఇళ్ల వెనక వాడిన నీళ్లు చేరే గుంతలు దాని పుట్టిళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు డెల్టా కడుపు నింపాయి. తప్పు కాలవది కాదు. ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కట్టుకుని, మురుగుకు దారి చూపని మన ఊళ్లది.

కారణానికీ, కారణంలా కనిపించేదానికీ తేడా ఎలా తెలుసుకోవాలి? ఈ ప్రశ్న ఏ సూక్ష్మదర్శినిలోనూ కనిపించదు. ఇది తత్వశాస్త్రం అడిగే ప్రశ్న. ఒకటి ఉంటే రెండోది ఉండాలి, ఒకటి లేకపోతే రెండోదీ లేకుండా పోవాలి అన్న అన్వయ వ్యతిరేకాల పద్ధతి మన తార్కికులది. 1843లో ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ తన తర్కశాస్త్ర గ్రంథంలో దాదాపు ఇవే నియమాలను సైన్సు ప్రయోగాలకు వాడుకునేలా పేర్చిపెట్టాడు. అయితే, పద్ధతి ఒక్కటే ఉంటే సరిపోదు. అన్నంభట్టు కాలానికి ముందు నుంచీ ఉపాధి అన్న ఆలోచన మన దగ్గర ఉంది, బోదకాలూ ఉంది. ఆ రెంటినీ కలిపి దోమను కోసి చూసినవాళ్లు లేరు. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది. తర్కం తెలిసినవాడు నేల మీదికి దిగి చేతులు మురికి చేసుకోకపోతే పొగ ఉదాహరణ వంటింట్లోనే ఉండిపోతుంది.

కోసి చూసినవాడు ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు వైద్యుడు. అప్పటికి ఆచూకీలు ఒక్కొక్కటే దొరుకుతున్నాయి. 1863లో పారిస్‌లో ఒకరు వరిబీజపు నీటిలో ఈ సన్న పురుగుల్ని చూశారు. 1866లో బ్రెజిల్‌లో వుకరర్ మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమొతి లూయిస్ మనిషి రక్తంలోనే చూశాడు. రక్తంలో లక్షల పిల్లలు తిరుగుతున్నాయి, అవి ఆ ఒంట్లో పెద్దవి కావడం లేదు, మరి బయటికి ఎలా పోతాయి? రక్తం తాగే ప్రాణి ఏదో ఉండాలని మాన్సన్ ఊహించాడు. 1877లో చైనా రేవు పట్టణం అమోయ్‌లో, ఒంట్లో ఈ పురుగులున్న తన తోటమాలిని దోమలకు కుట్టించి, ఆ దోమల్ని ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. దోమ పొట్టలో చచ్చిపోతాయనుకున్న మైక్రోఫైలేరియాలు అక్కడ పెరుగుతున్నాయి. రక్తం పీల్చే పురుగు ఒంట్లో ఒక జబ్బు క్రిమి పెరుగుతుందని మొదటిసారి రుజువైంది అక్కడే.

ఇంత చూసినవాడు తర్వాతి అడుగులో తడబడ్డాడు. దోమ ఒక్కసారి రక్తం తాగి, నాలుగు రోజులకు నీళ్ల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుందని ఆనాటి నమ్మకం. కాబట్టి చచ్చిన దోమలోంచి పురుగులు నీళ్లలోకి పోతాయి, ఆ నీళ్లు తాగినవాడికి జబ్బు వస్తుందన్నాడు. తిరిగి నీళ్ల దగ్గరికే వచ్చాడు! మాన్సన్ శిష్యుడు రొనాల్డ్ రాస్ కూడా మలేరియా విషయంలో మొదట ఈ నీళ్ల దారినే పరీక్షించాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని అతడు చూసిన సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. బోదకాలి లెక్క తేలడానికి 1900 దాకా ఆగాలి. ఆస్ట్రేలియాలో థామస్ బాంక్రాఫ్ట్ పెంచి పంపిన దోమల్ని లండన్‌లో జార్జ్ లో అనే వైద్యుడు పొరలు పొరలుగా కోసి చూస్తే, పురుగు పిల్లలు దోమ తొండంలో బారులు తీరి కనిపించాయి. అంటే కాటుతోనే దిగుతాయి. ఇరవై మూడేళ్ల నీళ్ల సిద్ధాంతం ఆ రోజుతో పోయింది.

మాన్సన్ తప్పును చూసి అతడి గౌరవం తగ్గించాలని నాకు అనిపించదు. దోమ ఒంట్లో అతడు కళ్లతో చూసింది నిజమే. తప్పు దాని మీద అల్లిన కథలో ఉంది. ఆ కథ తప్పయితే ఎక్కడ బయటపడుతుందో ఎవరైనా వెళ్లి చూసే వీలుండేలా అతడు చెప్పాడు. 1934లో కార్ల్ పాపర్ అనే తత్వవేత్త సైన్సుకూ మిగతా మాటలకూ మధ్య ఇక్కడే గీత గీశాడు. ఏం కనిపిస్తే నా మాట తప్పవుతుందో ముందే చెప్పగలిగితే అది సైన్సు. ఆ ఊరి నీళ్లు మంచివి కావు అన్న మాటను ఓడించడానికి దారి లేదు. ఏ నీళ్లు, ఎంత చెడ్డవి, ఎవరికి అని అది చెప్పదు. చచ్చిన దోమ పడ్డ నీళ్లు తాగితే వస్తుందన్న మాటను మాత్రం ఓడించవచ్చు. ఓడించారు. అలా ఓడిపోగలగడం సైన్సు బలం.

ఇక రాత్రి సంగతి. రోజుకు ఎన్నిసార్లు రక్తం తీస్తే అన్నిసార్లు లెక్కపెట్టి, చీకటి పడ్డాక మైక్రోఫైలేరియాలు పెరిగి, నడిరేయికి నిండి, తెల్లవారేసరికి దాదాపు మాయమవుతాయని మాన్సన్ తేల్చాడు. పగలు ఎక్కడికి పోతాయన్నది చాలాకాలం అంతుపట్టలేదు. చివరికి పగటిపూట చనిపోయిన ఒక రోగి శవాన్ని పరీక్షిస్తే అవి ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో కిక్కిరిసి కనిపించాయి. అంతకు ముందే 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ ఒక రోగిని పగలు నిద్రపొమ్మని, రాత్రి మేలుకోమని చెప్పి చూశాడు. కొద్ది రోజులకు పురుగుల వేళ కూడా తిరగబడింది. అంటే అవి సూర్యుణ్ని చూసి కాదు, మనిషి నిద్రను బట్టి నడుచుకుంటున్నాయి.

మన క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది. పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల ఇదే పురుగును పగలు కుట్టే ఏడిస్ జాతి దోమ మోస్తుంది. అక్కడి రోగుల రక్తంలో మైక్రోఫైలేరియాలు పగలు కూడా దండిగా ఉంటాయి. ఇది చదివిన ఎవరికైనా ఒక మాట నోటికి వచ్చేస్తుంది: దోమను కలుసుకోవడం కోసమే పురుగు ఆ వేళకు బయటికి వస్తోంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కళ్లూ మెదడూ లేని, మిల్లీమీటరు కూడా లేని ప్రాణికి ‘కోసం’ ఎక్కడిది? అరిస్టాటిల్ అయితే దేనికైనా ప్రయోజనం కూడా ఒక రకం కారణమేననేవాడు. విత్తనం చెట్టు కావడం కోసం మొలుస్తుంది, పన్ను నమలడం కోసం పుడుతుంది. 17వ శతాబ్దం నుంచి భౌతికశాస్త్రం ఈ ‘కోసం’ను గెంటేసింది. రాయి నేలను చేరడం కోసం పడదు, పడుతుంది, అంతే. ప్రాణుల దగ్గర మాత్రం అంత తేలిగ్గా గెంటేయలేం. డార్విన్ 1859లో దారి చూపించాడు. దోమ వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వచ్చిన పురుగుల సంతతి నిలిచింది, వేళ తప్పినవాటి సంతతి నిలవలేదు. ఎవరూ ఉద్దేశించకుండానే, ఉద్దేశించినట్టు కనిపించే అమరిక మిగిలింది. 1961లో ఎర్నెస్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త దీన్ని ఇంకా తేటపరిచాడు. ప్రాణి చేసే ప్రతి పనికీ రెండు కారణాలు అడగాలన్నాడు. ఇప్పుడు ఈ ఒంట్లో ఏ మార్పు వల్ల జరుగుతోందన్నది ఒకటి. తరతరాల చరిత్రలో ఏ మేలు వల్ల ఈ అలవాటు నిలిచిందన్నది మరొకటి. ఒకదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

మొదటి రకం జవాబు కోసం జీవితంలో చాలా భాగం వెచ్చించిన మనిషి లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో ఉండేవాడు. పేరు ఫ్రాంక్ హాకింగ్. నిద్రలో, మెలకువలో ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ మోతాదులో వచ్చే తేడాను బట్టి మైక్రోఫైలేరియాలు అక్కడ ఆగడమో బయటికి రావడమో చేస్తాయని అతడు వాదించాడు. రాత్రి పూట ఆక్సిజన్ పీల్పిస్తే వేలి రక్తంలో వాటి లెక్క తగ్గుతుందని ప్రయోగంతో చూపాడు. బోదకాలు మందును ఉప్పులో కలిపి ఊరందరికీ అందించవచ్చన్న ఆలోచనకూ ఊతమిచ్చాడు. చైనా ఆ దారినే పట్టి 2007లో ఈ జబ్బును వదిలించుకున్న దేశంగా గుర్తింపు పొందింది.

ఫ్రాంక్ కొడుకు స్టీఫెన్ హాకింగ్. కృష్ణబిలాల శాస్త్రవేత్తగా లోకమంతా ఎరిగినవాడు. 2010లో వచ్చిన ‘ది గ్రాండ్ డిజైన్’ పుస్తకం మొదట్లోనే, తత్వశాస్త్రం పని అయిపోయిందని, సైన్సుతో అది అడుగు కలపలేకపోయిందని, జ్ఞానపు కాగడా ఇప్పుడు శాస్త్రవేత్తల చేతిలో ఉందని ఆయన, సహరచయిత మ్లొదినోవ్ తేల్చేశారు. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ మాటను నేను ఒప్పుకోలేను. అదే పుస్తకంలో, మన నమూనాకు బయట వాస్తవం ఎలా ఉందో అడగడంలో అర్థం లేదని, నమూనా పరిశీలనకు సరిపోతే చాలని ఆయన వాదిస్తారు. అది ఏ టెలిస్కోపులోనూ కనిపించిన సంగతి కాదు. అది ఒక తాత్విక పక్షం, దానికి ఎదురుపక్షమూ ఉంది. తండ్రి పరిశోధనను చూసినా అంతే. పురుగుకు ప్రయోజనం ఉందనవచ్చా, ఉంటే ఏ అర్థంలో అన్న చిక్కు తెమలకపోతే ఆక్సిజన్ ప్రయోగం దేనికి జవాబో కూడా తెలియదు. తత్వవేత్తలు సైన్సు వెనక పడిపోయిన మాట కొంత నిజమే కావచ్చు. తత్వశాస్త్రపు ప్రశ్నలు మాత్రం సైన్సు లోపలే, దాని ఎముకల్లోనే ఉన్నాయి.

సైన్సు దేనికి అన్న ప్రశ్నకు పాతకాలం నుంచీ రెండు జవాబులున్నాయి. ఆశ్చర్యంతో మొదలై తెలుసుకోవడంతో తీరేదే జ్ఞానమని గ్రీకులన్నారు. మనిషి బతుకు కష్టాన్ని తగ్గించని జ్ఞానం దేనికని 1620 నాటికి ఫ్రాన్సిస్ బేకన్ అడిగాడు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలన్నట్టు మనవాళ్లు తరచు వాదించుకుంటారు. చంద్రుడి మీదికి వెళ్లే డబ్బుతో బడులు కట్టొచ్చు కదా అన్న మాట వినని ఊరు లేదు. బోదకాలు మందు కథ ఈ రెండు జవాబుల్నీ కలగలిపేస్తుంది.

ఆ మందు కనుక్కున్న బృందానికి సారథి ఈ డెల్టా బిడ్డే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మెట్రిక్ రెండుసార్లు తప్పిన యల్లాప్రగడ సుబ్బారావు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నాడు. చివరికి వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రూపొందించాడు. ఆ కొలత చేతికి వచ్చాకే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఒంటికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. అది ఏ రోగికీ మందు కాదు. ప్రాణం ఏ ఇంధనంతో నడుస్తుందో తెలుసుకోవాలన్న తపన. తర్వాత అదే మనిషి లెడర్లీ మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందులు, కొత్త యాంటీబయోటిక్ల వేటలో బృందాలను నడిపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన వేలమంది అమెరికన్ సైనికులకు బోదకాలు పురుగు సోకడంతో దాని మందు కోసం వెతుకులాట పెరిగింది. ఒక జాతి ఎలుకల్లో ఉండే ఫైలేరియా పురుగు మీద వరసగా రసాయనాలను పరీక్షించి, 1947లో లెడర్లీ బృందం డైఇథైల్ కార్బమజిన్‌ను ప్రకటించింది. మనం డీఈసీ మాత్ర అనేది దాన్నే. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఈ మందులో ఒక వింత ఉంది. గాజు పాత్రలో మైక్రోఫైలేరియాల మీద మామూలు మోతాదులో వేస్తే అవి పెద్దగా లెక్కచేయవు. మనిషికి మింగిస్తే కొద్ది గంటల్లోనే రక్తంలోంచి తుడిచిపెట్టుకుపోతాయి. మందు ఒక్కటే చంపడం లేదు, మన ఒంటి రక్షణ బలగాన్ని తోడు తెచ్చుకుంటోంది. ఎలా అన్నది డెబ్భై ఏళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. తెలుసుకోవడం పూర్తికాకుండానే ఉపయోగం వచ్చేసింది. అలాగని తెలుసుకోవడం అనవసరమనలేం. ఎలా పనిచేస్తుందో తెలియని మందుకు, రేపు అది పనిచేయడం మానేస్తే ఏం చేయాలో కూడా తెలియదు. నా మటుకు నాకు సైన్సు ఉద్దేశం కారణాన్ని పట్టుకోవడమే, అదీ ఇంకొకరు సరిచూసుకునేలా. బాధ ప్రశ్నను పుట్టిస్తుంది, జవాబు నిజమైతే బాధ తగ్గుతుంది. మధ్యలో ఉన్న నిజం మీద ఎవరి అవసరమూ పెత్తనం చేయకూడదు.

దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రాజమండ్రిలో శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. రాత్రి రక్తం తీసి, పురుగు ఉన్నవాళ్లకు మందిచ్చి, కాలువల్లో దోమల మందు కొట్టడం అప్పటి పద్ధతి. తర్వాత లెక్క మారింది. ఈ పురుగుకు మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. మందు రక్తంలోని పిల్లల్ని తుడిచేస్తుంది గానీ పెద్ద పురుగులన్నిటినీ చంపలేదు, అవి అయిదారేళ్లు పిల్లల్ని కంటూ ఉంటాయి. కాబట్టి ఊరి జనంలో కనీసం 65 శాతం మంది ఏడాదికోసారి చొప్పున అయిదేళ్లకు తగ్గకుండా మాత్ర మింగితే, దోమకు పురుగు దొరకక గొలుసు తెగుతుంది. 2004లో మన దేశంలో జబ్బున్న జిల్లాల్లో ఈ పద్ధతి మొదలైంది. తర్వాత డీఈసీకి ఆల్బెండజోల్ అనే మరో మందు జతయింది.

పెద్దాపురంలోనైనా మరెక్కడైనా ఆశా కార్యకర్త మాత్రలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే వినిపించే ప్రశ్న ఒకటే: “నాకు ఏ జబ్బూ లేదు కదమ్మా, నేనెందుకు మింగాలి?” ఇది చదువుకోనివాళ్ల మూర్ఖత్వం అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. ఇది మంచి ప్రశ్న, దీనికి రెండు పొరలున్నాయి. మొదటిది సైన్సుకు అందుతుంది. పురుగు ఒంట్లో ఉన్నవాళ్లలో చాలామందికి పైకి ఏమీ కనిపించదు, వాళ్ల నుంచే దోమ మోసుకుపోతుంది. మాత్ర మింగాక జ్వరం వచ్చిందని భయపడతారు గానీ, చాలాసార్లు ఆ జ్వరం ఒంట్లో పురుగులు చస్తున్నందుకే వస్తుంది. రెండో పొర సైన్సుకు అందదు. పొరుగువాడి బిడ్డ కాలు వాయకుండా ఉండడానికి, జబ్బు లేని నేను ఒక పూట తలనొప్పి భరించాలా? ఇంతమంది మింగితే ఇంత తగ్గుతుందని లెక్క చెప్పగలదు గానీ, మింగడం నీ ధర్మం అని ఏ లెక్కా చెప్పలేదు. ఉన్నదాని నుంచి ఉండవలసినదానికి నేరుగా వంతెన లేదని 18వ శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ చెప్పింది ఈ సంగతే. మింగాలనే నా పక్షం. అయితే ఎదురుగా నిలబడి మింగించే ముందు, ఎందుకో కూర్చుని చెప్పే తీరిక ఆ కార్యకర్తకు ఇవ్వాలి. సంచిలో మాత్రలు మిగలకుండా చూడడమే ఆమె పనిగా మారిస్తే, ఆ ఇంటివాళ్ల ప్రశ్నను మనం అవమానించినట్టే.

మరో ప్రశ్న ఉంది, అది ఇంకా లోతుది. ఒకే వీధి, ఒకే మురుగు, అవే దోమలు. నాకే ఎందుకొచ్చింది? ఒక్క కాటుతో ఈ జబ్బు రాదు, వందలు వేల కాట్లు పడాలి, ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కోలా తిరగబడుతుంది అని సైన్సు చెబుతుంది. అది నిజం. కాలు బరువెక్కిన మనిషి అడుగుతున్నది మాత్రం అది కాకపోవచ్చు. పెద్దాపురంలో ఆషాఢమంతా మరిడమ్మ జాతర జరుగుతుంది. ఊళ్లను అంటురోగాలు ఊడ్చేసిన రోజుల నుంచీ జనం ఆ తల్లి ముందు నిలబడి అడుగుతున్నది ఈ ప్రశ్నే. అక్కడ మొక్కుకున్న చేత్తోనే మాత్ర అందుకునేవాళ్లు ఎందరో. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు. అమ్మవారికి మొక్కాం కదా, మాత్ర ఎందుకు అన్నప్పుడు తగువు వస్తుంది. దోమ సంగతి తెలిసింది కదా, ఇక నీ దుఃఖానికి అర్థమేముంది అన్నప్పుడూ వస్తుంది. రెండు మాటలూ తమది కాని గడప దాటుతున్నాయి.

ఇప్పుడు మన ముందున్న చిక్కు మరొకటి. దేశం 2027 నాటికి బోదకాలును వదిలించుకోవాలని గడువు పెట్టుకుంది. మందు ఎప్పుడు ఆపాలి? పురుగు లేదని ఎలా తెలుస్తుంది? ఉన్నదాన్ని చూపడానికి ఒక్క గాజు పలక చాలు. లేదని చూపాలంటే ఎన్ని పలకలు కావాలి? అన్నంభట్టు లోకంలోని సమస్త వస్తువులనూ ఏడు పదార్థాలుగా విడదీసి, అందులో ఏడోదిగా అభావాన్ని, అంటే లేకపోవడాన్ని చేర్చాడు. నేల మీద కుండ లేదు అన్న జ్ఞానం మనకు ఎలా కలుగుతుంది అన్నది మన దార్శనికులు శతాబ్దాలు వాదించుకున్న విషయం. ఉంటే కనిపించి తీరాల్సిన చోట వెతికి, కనిపించనప్పుడే లేదనవచ్చన్నది ఆ వాదాల్లో తేలిన గట్టి మాట.

ఆరోగ్యశాఖ ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే. ఉంటే ఎక్కడ కనిపించి తీరాలి? మందు మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో. అందుకే ఒకటి, రెండు తరగతుల్లోని ఆరేడేళ్ల పిల్లల వేలి రక్తంలో పెద్ద పురుగు వదిలే పదార్థం ఉందేమో చూస్తారు. క్యూలెక్స్ దోమ తిరిగే ప్రాంతంలో ఆ పిల్లల్లో 2 శాతం లోపే సోకిందని గట్టిగా అనగలిగితే ఊరంతటికీ మందు ఆపుతారు. ఆపాక రెండు మూడేళ్ల ఎడంతో మరో రెండుసార్లు చూస్తారు. ఆ 2 శాతం గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకన్నా తగ్గితే గొలుసు తనంతట తాను తెగిపోతుందన్న అంచనా ఒకవైపు, పొరబడితే ఎంత నష్టమో బేరీజు వేసుకున్న తీర్పు మరోవైపు కలిసి గీసిన గీత అది. ఎంత రుజువు చాలు అన్నది పొరబాటు ఖరీదును బట్టి మారుతుంది. ఆ ఖరీదు కట్టేటప్పుడు శాస్త్రవేత్త పక్కన ఊరివాళ్లూ కూర్చోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే సోకడం ఆగినంత మాత్రాన ఒక దేశం బోదకాలును వదిలించుకుందని ఒప్పుకోదు. ఇప్పటికే కాలు వాచినవాళ్లకు, వరిబీజం దిగినవాళ్లకు సంరక్షణ అందుతున్నట్టు కూడా చూపమంటుంది. దెబ్బతిన్న శోషరస నాళాలను ఏ మాత్రా బాగుచేయలేదు. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. కాలికి మాత్రం రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, చీలికలకు మందు రాసి, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకోవడమే వైద్యం. వాపును పెంచి పోషించేది పురుగు కన్నా ఎక్కువగా ఆ చీలికల్లోంచి దూరే బ్యాక్టీరియాలేనని తెలిశాక ఈ పద్ధతి స్థిరపడింది. శ్రద్ధగా చేస్తే జ్వరాలు తగ్గుతాయి, కాలు కొంత తేలికపడుతుంది. ఒక బకెట్టు నీళ్లు, ఒక సబ్బు, పొడిగుడ్డ, ఎలా కడగాలో ఒకసారి చేసి చూపించే మనిషి ఉంటే చాలు.